పూచీ నడక

పార్టీ కార్యదర్శి బిస్కెట్టును టీలో ముంచి, మెత్తబడేదాకా ఆగి, నోట్లో వేసుకున్నాక విషయం చెప్పాడు. ఈసారి పెద్దల సభకి కంపౌండరు గారిని నిలబెట్టడం లేదు. సీటు ఐసు ఫ్యాక్టరీ ఆయనకి ఇస్తున్నారు. నిర్ణయం పైనుంచి వచ్చింది. నామినేషన్ల గడువు గురువారం మధ్యాహ్నం మూడింటితో ముగుస్తుంది. పార్టీ మనిషి నామినేషన్ని ఎప్పుడూ కార్యదర్శే ఆఖరి గంటలో పట్టుకెళ్ళి దాఖలు చేస్తాడు. కంపౌండరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితాలు సొరుగులో ఉన్నాయి. అవి అక్కడే ఉంటాయి.

లెక్కల టీచరు టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని విన్నది. బడి వదిలి పెద్దల సభకి వెళ్ళి నాలుగేళ్ళయినా, జిల్లాలో ఆమెని ఇంకా లెక్కల టీచరనే అంటారు.

"అన్నయ్యకి చెప్పారా?" అంది. కంపౌండరుని ఆమె అలాగే పిలుస్తుంది.

"చెబితే స్వతంత్రంగా వేస్తాడు. వేస్తే గెలుస్తాడు కూడా. మనం రెంటికీ చెడతాం." కార్యదర్శి మీసాల మీది బిస్కెట్టు పొడి దులుపుకున్నాడు. "మీరేం అబద్ధం ఆడక్కర్లేదు టీచర్ గారూ. రేపట్నుంచి ఆయనతో పూచీ నడకకి వెళ్ళాలి కదా. వెళ్ళండి. ఎప్పటిలాగే నడవండి, చాలు."

తరవాత, అప్పుడే గుర్తొచ్చినట్టు, "రెండేళ్ళకి మీ వంతు కదూ?" అన్నాడు.

ఆ జిల్లాకి పెద్దల సభలో మూడు స్థానాలు. ఒక్కొక్కరికి ఆరేళ్ళ పదవి. ముగ్గురూ ఒకేసారి దిగరు. రెండేళ్ళకొకరు దిగుతారు, ఆ ఒక్క చోటుకే ఎన్నిక జరుగుతుంది. ఎప్పుడు చూసినా ఇద్దరు కుర్చీల్లో ఉంటారు, ఒకరు గుమ్మాల్లో ఉంటారు. పూచీ నడక ఈ ఏర్పాటులోంచే పుట్టింది. నిలబడే మనిషి తన ఓటు తాను అడగడు. గడువు ఇంకా మిగిలి ఉన్న సభ్యుడొకరు అతన్ని వెంటబెట్టుకొచ్చి, ద్వారబంధానికి చెయ్యి ఆనించి, "ఈయనకి నేను పూచీ" అనాలి. నిలబడే మనిషి ఒక మెట్టు కింద, నోరు మూసుకుని ఉంటాడు. ఇంటివాళ్ళు ఏం అడిగినా పూచీ ఇచ్చినవాళ్ళనే అడుగుతారు. గెలిచినవాడు మొహం చాటేస్తే పట్టుకోవడానికి ఇంకో మనిషి దొరకాలి, అదీ లెక్క. పూచీ ఆరేళ్ళూ ఉంటుంది. ఇచ్చినవాళ్ళ పదవి మధ్యలో పోయినా పూచీ పోదు.

ఆమెకి పూచీ ఇచ్చింది కంపౌండరే. ఇప్పుడు ఆయనకి ఇవ్వడం ఆమె వంతు. మూడో సభ్యుడు లాయరు. ఆయనకి మోకాళ్ళ నొప్పులున్నాయి, అవి ఎన్నికలప్పుడే వస్తాయి.

ఆమె సరేననలేదు. కాదనలేదు. చల్లారిన టీని అడుగుదాకా తాగి కప్పు బల్ల మీద పెట్టింది. కార్యదర్శి దాన్నే ఒప్పుకోలుగా తీసుకున్నాడు. మెట్లు దిగుతూ ఆమె కూడా అలాగే తీసుకుంది.

బుధవారం పొద్దున కంపౌండరు లేతు మిషన్ల వీధి మొదట్లో నిలబడి చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. ధర్మాసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు మందులు కలిపిన అలవాటు అది. ఏ పని మొదలెట్టినా ముందు చేతులు మడుస్తాడు. సభలో బిల్లు చదవబోయే ముందు కూడా అంతే. బిల్లయినా మందు చీటీ అయినా ఒకటేనని, పేరు చూసి మోసపోకుండా ఏది ఎంత మోతాదో చూడాలని పక్క కుర్చీలో ఉన్న ఆమెకి చెప్పేవాడు.

"ఏమ్మా, కళ్ళు అలా ఉన్నాయేం? నిద్రపోలేదా?"

పోయానంది.

"ఏదీ, నాలుక చూపించు."

"నడివీధిలోనా అన్నయ్యా?"

నవ్వుతూ మొదటి ఇంటి వైపు నడిచాడు. అది పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు ఇల్లు. ఆమె మెట్టెక్కి ద్వారబంధం మీద చెయ్యి పెట్టింది. కొత్తగా వేసిన రంగు వేళ్ళకి కొంచెం అంటుకుంది. ఈయనకి నేను పూచీ, అంది. మాట పైకి వచ్చింది. అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు.

"ఈయనకి పూచీ ఏంటమ్మా, ఈయనే మాకందరికీ పూచీ," అన్నాడు డ్రైవరు. "ఆ లాయరుకి ఇచ్చావు చూడు, ఆ పూచీ సంగతి చెప్పు. మా మురిక్కాలవ రెండేళ్ళ నుంచి ఆయన మోకాళ్ళు ఎప్పుడు బాగవుతాయా అని చూస్తోంది."

కింది మెట్టు మీద కంపౌండరు నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. మురిక్కాలవ పని తాను చూస్తానని టీచరు మాట ఇచ్చింది. పూచీ అంటే అదే మరి.

ఆ రెండు రోజులూ ప్రతి గుమ్మంలోనూ ఒకటే తంతు. పూచీ మాట విన్నట్టే విని, ఇంటివాళ్ళు ఆమె భుజం మీదుగా కంపౌండరుకి నాలుక చూపించేవాళ్ళు. కొందరు చొక్కా ఎత్తి వీపు మీది దద్దుర్లు చూపించేవాళ్ళు. నిలబడే మనిషి మాట్లాడకూడదు కాబట్టి ఆయన సైగలు చేసేవాడు. నీళ్ళు తాగమని ఒకరికి బొటనవేలు నోటికెత్తి చూపించేవాడు, గోకొద్దని ఇంకొకరికి వేలు ఆడించి చూపేవాడు. లేతు మిషను మీద బొటనవేలు చితగ్గొట్టుకున్న మేస్త్రీని మాత్రం రూలు పక్కనపెట్టి లోపలికి తీసుకెళ్ళి, కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టి వచ్చాడు. శనివారం వచ్చి మారుస్తానని చెప్పాడు. టీచరు అరుగు మీద నిలబడి ఎదురుగా ఉన్న తలుపుల్ని చూస్తూ ఉంది.

గురువారం మధ్యాహ్నం వీధి చివరి రొట్టెల కొట్టు దగ్గర ఆగారు. కంపౌండరు బల్ల మీద కూర్చుని బూటు విప్పి రాయి దులుపుకున్నాడు. గోడ మీద గడియారం మూడుకి ఇంకా టైముందని చూపిస్తోంది. ఎన్నికల ఆఫీసు వెనక వీధిలోనే ఉంది. బలపరిచే సంతకాలకి మనుషులు కావాలంటే ఈ వీధిలో తలుపు తడితే చాలు. ఇదంతా ఆమె లెక్క వేసుకుంది. లెక్క సరిపోయింది కూడా. నోరు తెరిచింది.

"రెండేళ్ళకి నీ వంతు," అన్నాడాయన బూటు తొడుక్కుంటూ. "అప్పటికి ఈ మోకాళ్ళు కూడా లాయరు మోకాళ్ళయిపోతాయేమోనని నా భయం. అయినా వస్తాలే. నువ్వు కింద మెట్టు మీద నిలబడు, మిగతాది నేను చూసుకుంటాను."

ఆమె గడియారం వైపు చూసింది.

"బడి గంట కోసం చూస్తున్నావా టీచరమ్మా?"

లేదంది. తెరిచిన నోటికి ఏదో ఒక మాట కావాలి కాబట్టి, ఎండ ఎక్కువగా ఉందంది. కొట్టువాడు రొట్టెల పళ్ళెం లోపలి నుంచి తెచ్చి పెట్టాడు. ఎవరో వచ్చి చిల్లర లేదని గొడవపడి వెళ్ళారు. మూడు దాటింది. ఆమె భుజాలు కిందికి దిగాయి. మంగళవారం తరవాత మొదటిసారిగా ఆకలేసింది. రొట్టె ఒకటి కొనుక్కుని కొరికింది. కొరికాక, ఆకలేసినందుకు సిగ్గేసింది. అయినా మొత్తం తింది.

ఆ సాయంత్రానికే వార్త తెలిసిపోయింది. కంపౌండరు ఫోను చేస్తాడేమోనని ఆమె ఫోను వంటింట్లో పెట్టుకుని తిరిగింది. ఆయన చెయ్యలేదు. ఆమె కూడా చెయ్యలేదు. శుక్రవారం పొద్దున గిన్నెలు కడుగుతుంటే వదిన ఫోను చేసింది. కంపౌండరు భార్యని ఆమె మొదటి నుంచీ వదినా అనే పిలుస్తుంది.

"అమ్మాయ్, ఒక్క మాట అడుగుతాను. నీకు ముందే తెలుసా?"

కుళాయి కింద గిన్నె నిండి పొర్లుతోంది. కుళాయి కట్టేసింది.

"లేదు వదినా. నాకూ నిన్నే తెలిసింది."

"ఈయనా అదే అన్నారు. నాదే పాడు బుద్ధి. దానికి తెలిస్తే నా దగ్గర దాస్తుందా అని నా మీద కేకలేశారు. ఏమీ అనుకోకమ్మా."

తరవాత వదిన కాసేపు మాట్లాడింది. ఆయన అన్నం తిన్నారంది. పార్టీని పల్లెత్తు మాట అనలేదంది. తెల్లారి లేచి మందుల అలమారా మొత్తం దించి, సీసాలన్నీ తుడిచి, మళ్ళీ సర్దారంది. చివర, నువ్వు మనసులో పెట్టుకోకు, నీ చేతుల్లో ఏముంది, అని టీచరునే ఓదార్చి పెట్టేసింది. టీచరు కుళాయి మళ్ళీ తిప్పి, కడిగిన గిన్నెనే ఇంకోసారి కడిగింది.

శనివారం ఐసు ఫ్యాక్టరీ ఆయనతో నడక. మొదలు లేతు మిషన్ల వీధిలోనే కావాలని కార్యదర్శి పట్టుబట్టాడు. ముందు అక్కడ నోళ్ళు మూయిస్తే మిగతా ఊరు దానంతటదే మూసుకుంటుందన్నాడు.

ఐసాయన చెడ్డగా ఏం లేడు. కొత్త బూట్లు వేసుకొచ్చాడు, అవి కరుస్తున్నాయి. తనకి ఇవన్నీ తెలియవని, ఇంట్లో ఆవిడ వద్దంటున్నా వీళ్ళు వినలేదని చెప్పాడు. ఎక్కడ నిలబడాలని అడిగాడు. ఆమె మెట్టు చూపించింది. ఆయన గురించి ఆమెకి తెలిసింది ఆ పది నిమిషాల్లో ఆయన చెప్పిందే.

డ్రైవరు ఇంటి ముందు ఆమె కాళ్ళు ఒక క్షణం ఆగాయి. ద్వారబంధం మీద చెయ్యి పెట్టింది. రంగు ఆరిపోయి గట్టిపడింది. ఈయనకి నేను పూచీ, అని డ్రైవరు మొహం చూడకుండా అతని చొక్కా గుండీలు చూస్తూ చెప్పింది. ఇంక చీవాట్లే అనుకుంది.

డ్రైవరు ఐసాయన బూట్ల వంక చూశాడు, తరవాత ఆమె వంక చూశాడు.

"సరేలే అమ్మా. పైవాళ్ళు చేసినదానికి నువ్వేం చేస్తావు? నీకూ తెలియదటగా."

ఎవరు చెప్పారని ఆమె అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడని భయం. రెండో ఇంట్లో ముసలావిడ ఆమె చెయ్యి నిమిరి, నిన్ను కూడా మోసం చేశారట కదా తల్లీ అంది. మూడో ఇంట్లో మంచినీళ్ళిచ్చారు. పూచీ మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఐసాయన ధైర్యం తెచ్చుకుని, మీకిక్కడ మంచి పేరుందండీ, అన్నాడు. ఆమె తరవాతి మెట్టెక్కింది. ఇంకో రెండు ఇళ్ళు దాటేసరికి పూచీ మాట ఎక్కం అప్పజెప్పినట్టు వచ్చేస్తోంది. నోరు చెబుతోంది, మనిషి ఎక్కడో ఉంది.

తరవాతిది దర్జీ ఇల్లు. దర్జీ మనిషి గుమ్మంలోనే మిషను వేసుకుని కూర్చుంటుంది. వాళ్ళని చూసి లేవలేదు. నోట్లో గుండుసూదులున్నాయి. టీచరు చెప్పాల్సింది చెప్పేదాకా తొక్కుతూనే ఉండి, ఆ తరవాత కాలు ఆపింది. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి గుడ్డ ఉండకి గుచ్చింది.

"లాయరుకీ నువ్వే పూచీ. మొన్న కంపౌండరు గారికీ నువ్వే. ఇవాళ ఈయనకీ నువ్వే. బాగానే ఉంది," అంది. "నీకెవరమ్మా పూచీ?"

ఐసాయన అది హాస్యమనుకుని నవ్వబోయి, ఇద్దరి మొహాలూ చూసి మానేశాడు.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. మేస్త్రీ బొటనవేలికి కొత్త కట్టు కట్టి, చేతులు కడుక్కుని కంపౌండరు బయటికి వచ్చాడు. వీధికి ఇటు పక్క మాట అటు పక్క వినపడుతుంది, అంత ఇరుకు వీధి అది. ఆయన వీధి దాటి వచ్చాడు. టీచరు వంక చూడలేదు. ఐసాయన తప్పుకుంటే మెట్టెక్కి, తడి చెయ్యి ద్వారబంధానికి ఆనించాడు. ఆమె చేతికి బెత్తెడు పైన.

"ఆవిడకి నేను పూచీ. నాలుగేళ్ళ కింద ఈ గుమ్మంలోనే చెప్పాను. ఇంకా రెండేళ్ళుంది."

"మీకింత చేసినా?" అంది దర్జీ.

"తెలిసి చేసింది కాదు. తెలిస్తే నాతో చెప్పేది. మనుషులు తలో మాటా అంటారని, పొద్దుటి నుంచి ఇంటింటికీ నేనే వెళ్ళి చెప్పుకుంటూ వస్తున్నాను. మేస్త్రీ కట్టు దగ్గర ఆలస్యమైంది గానీ, లేకపోతే ఈపాటికి నీకూ చెప్పేవాణ్ణి. ఆవిడకి తెలియదు. దానికీ నేనే పూచీ."

తలుపులు అంత మెత్తగా ఎందుకు తెరుచుకున్నాయో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆయన అరచేతి తడి చెక్క మీదుగా జారి ఆమె వేళ్ళ దాకా వచ్చింది. ఆమె చెయ్యి తీసేసుకుంది.

ఊరుకుంటే సరిపోయేది. దర్జీ అప్పటికే సూది అందుకుంటోంది. ఆయన మాటకి ఆ వీధిలో ఎవరూ ఎదురు చెప్పరు. ఇప్పుడు ఆయన మాట అబద్ధమై ఊరంతా తిరుగుతోంది, ఆ సంగతి ఆయనకి తెలియదు.

"నాకు తెలుసన్నయ్యా."

దర్జీ చెయ్యి ఆగింది. కంపౌండరు చెవిటివాడు చెవి ఒగ్గినట్టు తల కొంచెం వంచాడు.

"మంగళవారమే తెలుసు. మూడు దాటేదాకా మీతో నడవమన్నారు. నడిచాను. వదిన అడిగితే అబద్ధం చెప్పాను."

ఆయన చీటీలో అర్థంకాని మందు పేరు చూసినట్టు ఆమె మొహం చూశాడు. ఒకసారి చదివి, మళ్ళీ చదివి, అదే ఉందని నిర్ధారించుకున్నట్టు చూపు తిప్పుకున్నాడు. తిట్టలేదు. ఆమె తిట్టు కోసం నిలబడింది.

ఆయన దర్జీ వైపు తిరిగాడు.

"అయితే నా మాట తప్పయింది తల్లీ. తెలుసుకోకుండా చెప్పాను. క్షమించు."

"అయ్యో, మీరెందుకు బాబూ? చేసింది ఆవిడైతే..."

"చెప్పింది నేను కదమ్మా."

మెట్లు దిగి ఆయన ఇంటి దారి పట్టలేదు. వీధి మొదటికి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. ఎక్కడికో ఆమెకి అర్థమైంది. తానూ దిగింది.

"టీచర్ గారూ, మనం వెళ్ళాల్సింది ఇటు కదండీ?" అన్నాడు ఐసాయన, మిగిలిన ఇళ్ళ వైపు వేలు చూపిస్తూ.

"మీ గురించి నాకేం తెలియదండీ," అంది ఆమె. "తెలియకుండానే పూచీ చెప్పాను. ఆ ఇళ్ళకి వెళ్ళి ఆ మాట కూడా చెప్పుకోవాలి."

అతను జేబులోంచి ఫోను తీశాడు. కార్యదర్శికేనని ఆమెకి తెలుసు. రెండేళ్ళ తరవాతి సంగతి ఆ ఫోనులోనే తేలిపోతుందని కూడా తెలుసు. ఆ బెంగ కోసం లోపల వెతికింది. అక్కడ సిగ్గు తప్ప ఇంకోదానికి చోటు లేదు.

కంపౌండరు వేగంగా నడుస్తున్నాడు. ఆమె అందుకునేసరికి డ్రైవరు తలుపు తట్టేశాడు. పై మెట్టు ఖాళీగానే ఉంది, పక్కన ఇంకో మనిషికి చోటుంది. ఆమె ఎక్కలేదు. ఒక మెట్టు కింద ఆగిపోయింది.

ఆయన ద్వారబంధం మీద చెయ్యి పెట్టాడు.

"పొద్దున నీకో మాట చెప్పాను. ఈ అమ్మాయికి తెలియదని. తెలుసట. నా మాట తప్పు."

డ్రైవరు ఆయన భుజం మీదుగా ఆమెని చూశాడు. అడగాల్సింది అతని నోటి దాకా వచ్చింది. ఆమె అందుకు సిద్ధంగా తల ఎత్తింది. ఎన్ని మాటలన్నా పడదామనుకుంది. డ్రైవరు చూపు మళ్ళీ కంపౌండరు మీదికి వెళ్ళింది.

"మరి మీ పూచీ ఉన్నట్టా, పోయినట్టా?" అని ఆయన్నే అడిగాడు.

లేతు మిషను ఒకటి గీరుకుంటూ తిరిగి ఆగింది.

"ఇచ్చింది ఆరేళ్ళకి. మధ్యలో ఎలా తీసుకుంటారో నాకు తెలియదు." గొంతు సవరించుకున్నాడు. "మురిక్కాలవ పని ఈ నెల్లో మొదలవకపోతే నాకు చెప్పు."

"ఆవిడకి చెప్పనా?"

"నాకే చెప్పు."

డ్రైవరు తల ఊపాడు. ఆమె నోరు విప్పి, ఐసాయనకి తానిచ్చిన పూచీ తెలియక ఇచ్చిందని చెప్పింది. అతను విన్నాడు. విని, అదీ నిజమేనా అన్నట్టు కంపౌండరు వంక చూశాడు. ఆమె మాట ఆ గుమ్మంలో అలాగే ఉండిపోయింది, ఎవరూ అందుకోలేదు.

కంపౌండరు ఆమెకి తగలకుండా పక్కనుంచి మెట్టు దిగి రెండో ఇంటికి వెళ్ళాడు. ఆమె ఆయన పైకి ఎక్కేదాకా ఆగి, వెళ్ళి కింద నిలబడింది. లోపల ముసలావిడ గడియ తియ్యడానికి తంటాలు పడుతోంది. వస్తున్నా, వస్తున్నా అంటోంది. కంపౌండరు చొక్కా చేతులు మడుచుకున్నాడు.